రెండు కంప్యూటర్లు, ఒక తడిగుడ్డ

వల్లూరులో మా శనక్కాయ చేను సోలార్ పార్కుకు కౌలుకు పోయిన రోజుల్లో, పొద్దున లేస్తే చేసే పనిలేక, ముప్పై రెండేళ్ల వయసులో తుమకూరు వెళ్లి కంప్యూటర్ సైన్సులో చేరాను. (క్లాసు పిల్లలు నన్ను ‘తాత’ అనేవాళ్లు.) కుర్రతనం అందరికీ ఇరవైలో వస్తే నాకు అప్పుడొచ్చింది. తెరమీది రంగులూ బొమ్మలూ నాకు పట్టలేదు; వాటి వెనక ఎవరికీ కనబడకుండా పనిచేసే సర్వర్లంటేనే పిచ్చి. ఒక యంత్రం ఆగిపోతే ఇంకోటి ఆ పని అందుకుంటుందని విన్న రోజు నాకు అన్నం సహించలేదు. బస్సులో పక్క సీటాయనకు కూడా అంతా వివరించాను. పాపం, ఆయన దిగాల్సిన ఊరికి ముందే దిగిపోయాడు.

మా చిన్నమ్మ అప్పటికి పార్కులో సోలార్ పలకలు కడిగే ఆడవాళ్లలో ఒక గుంపుకు మేస్త్రి. మెడలో విజిల్ వేసుకుని నడిచేది. ఎండ ఎక్కకముందే రెండు గుంపులు చెరో గేటు నుంచి లోపలికి వచ్చేవి. ఏ వరస మొదలుపెట్టినా ముందుగా దాని రెండు చివర్లా పలకలు నిలబెట్టిన ఇనప కంబికి తడిగుడ్డ కట్టేవాళ్లు. గుడ్డ కనిపిస్తే రెండో గుంపు పక్క వరసకు పోవాలి. అది చూసి నాకు నవ్వొచ్చింది. దసరా సెలవుల్లో సూపర్‌వైజర్‌ను ఒప్పించి రెండు గేట్ల దగ్గర రెండు పాత కంప్యూటర్లు పెట్టి, మధ్యన తీగ లాగాను. ఎవరు ఏ వరస కడగాలో పెద్దది ఫోన్లకు పంపుతుంది. అది పలకడం మానేస్తే, చచ్చిందనుకుని చిన్నది పెత్తనం తీసుకుంటుంది.

“ఇంక గుడ్డలు వద్దు చిన్నమ్మా, అంతా ఫోన్లోనే ఉండాది.”

“అవతల గుంపు యాడ తుడుస్తా ఉండాదో నాకెట్ల తెలిసేదప్పా?”

“కంప్యూటర్ చూసుకుంటాది.”

“దానికి కండ్లు యాడుండాయి?” అంది చిన్నమ్మ, గుడ్డలు మూట కడుతూ.

నాలుగో రోజు, పెద్ద ఆఫీసర్లు చూడ్డానికి వచ్చే రోజే, ఆ తీగ ఊడింది. రెండు కంప్యూటర్లూ నిక్షేపంగా బతికే ఉన్నాయి, ఒకదాని మాట ఇంకోదానికి వినపడలేదంతే. పెద్దది పోయిందనుకుని చిన్నది పట్టాభిషేకం చేసుకుంది. పెద్దది గద్దె దిగలేదు. రెండూ తమ తమ గుంపులకు ఒకటో వరస నుంచే పని ఇచ్చాయి. ఆడవాళ్లు రెండు చివర్ల నుంచి కడుక్కుంటూ వచ్చి మధ్యలో ఎదురుపడ్డారు.

“ఇది మా వరస, పక్కకు పోండి.”

“మా ఫోన్లో ఇదే ఉండాది. మీరే పోండి, మీకేమి కాళ్లు లేవా?”

ఆ తగువు తెగేలోపు ఎండ ఎక్కింది, పలకలు కాలాయి, వేడి మీద నీళ్లు పడితే పగులుతాయని కడగడం ఆపేశారు. మిగతా వరసలన్నీ దుమ్ముతోనే ఆఫీసర్లకు కనబడ్డాయి. ఇట్లా ఎందుకైందని అందరి ముందూ సూపర్‌వైజర్ నన్ను అడిగాడు. “కంప్యూటర్ తప్పు చేయదు సార్, మేస్త్రి ఫోన్లో వరస నంబరు సరిగ్గా చూసుకోలేదేమో” అన్నాను. (ఊడిన తీగ అప్పుడు నా చెప్పు కిందే ఉంది.) చిన్నమ్మ ఫోను వైపు చూసి, “నాకు చదువు రాదు కదప్పా, నేనే తప్పు చూసినానేమో” అంది. ఆ మధ్యాహ్నమే విజిల్ ఇంకొకరి మెడలోకి పోయింది.

సెలవులయ్యాక క్లాసులో లెక్చరర్ చెప్పాడు: ఇద్దరు ఒకే పని మీద పడకుండా, మొదలుపెట్టేముందు ఇద్దరికీ కనిపించే చోట ఒక గుర్తు పెట్టాలి. పిల్లలంతా రాసుకున్నారు. నాకు కంబికి కట్టిన తడిగుడ్డ కనిపించింది.

ఇన్నేళ్లకు, మొన్న వెళ్లి చిన్నమ్మకు నిజం చెప్పాను. శనక్కాయలు ఒలుస్తూ అంతా విని, తలెత్తకుండానే అంది: “నన్ను అనింది అందరి ముందర. ఇప్పుడు చెప్పేది చాటుగానా?”

అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు మా చిన్నమ్మ నంబరు సరిగ్గానే చూసింది. తప్పు నాది, అబద్ధమూ నాదే.

ఇప్పుడు సర్వర్లే నా బతుకుతెరువు. ఏదైనా పలకకపోతే ముందు కాలెత్తి చెప్పు కింద చూసుకుంటాను. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు నా పనేమిటని అడిగితే మాత్రం మళ్లీ అదే హుషారు. వాళ్లు దిగిపోతారు, నాలోని ఆ ముప్పై రెండేళ్ల కుర్రాడు మాత్రం ఇంకా దిగలేదు.