ఎఫ్‌ఎంలో ఖాళీ చోటు

జగ్గయ్యపేట దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో ఇద్దరు టిప్పరు డ్రైవర్లకి నేనొక ఉపకారం చేశాను. ఉపకారమని నేనే అనుకున్నాను లెండి. అప్పటికి నందిగామలో నాకు రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టుండేది. చేతిలో విద్య ఉందన్న పొగరూ ఉండేది.

క్వారీలోకి దిగే దారి ఒక్క బండికే సరిపోతుంది, మధ్యలో గుడ్డి మలుపు. పైనుంచి ఖాళీ టిప్పరు దిగేటప్పుడు కిందనుంచి లోడు బండి ఎక్కిందంటే ఎవరో ఒకరు రివర్సులో పోవాల్సిందే. క్వారీ యంత్రాల మోతలో హారన్ వినపడదు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, ఆ గుంటలో సిగ్నల్ లేదు. ఎఫ్‌ఎం తిప్పి చూస్తే ఒకటో రెండో స్టేషన్లు, మిగతాదంతా బుస్సుమనే ఖాళీ. ఆ ఖాళీలో వీళ్ళు మాట్లాడుకుంటే ఎవరికి నష్టం అనిపించింది. రెండు బళ్ళలోనూ చిన్న ట్రాన్స్‌మిటర్లు బిగించాను. మీట నొక్కి మైకులో "దిగుతున్నా, ఆగు" అంటే అవతలి బండి రేడియోలో వినపడుతుంది. లైసెన్సు లేదు. నేను అడగనూ లేదు.

వారం తిరక్కుండా, డ్రైవర్లని అడిగి తెలుసుకుని, ఒక మామ్మ నా కొట్టుకి వచ్చింది. క్వారీ అంచున రేకుల ఇల్లు ఆవిడది. ఆరు రోజులు మిరప చేలల్లో కూలికి పోయేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నమంతా రేడియో పెట్టుకుని పాటలు వినేది.

"ఏందయ్యా, మీ లారీల గోల నా రేడియోలో?"

"అక్కడ ఏ స్టేషనూ లేదు మామ్మా. ఖాళీ చోటది."

"నాకు సన్నగా పాటలొస్తాయి అక్కడ. నేను వింటంటే ఖాళీ ఎట్టయిద్ది?"

ఆవిడ మాటలో న్యాయం ఉంది. ఉంది కాబట్టే కోపం వచ్చింది. "గాలి ఎవరి సొత్తూ కాదు, పో" అన్నాను. అంత పెద్దావిడని అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అన్నానే గాని, ఎక్కడ ఫిర్యాదు చేస్తుందోనని లోపల భయం. ఆ ఆదివారమే వెళ్ళి సెట్లను ఎఫ్‌ఎంలో ఎవరూ వినని మూలకి జరిపాను. పని అయ్యాక రెండో టిప్పరు డ్రైవరు టైరు మార్పించడానికి పేటకి వెళ్ళాడు. కుదుపులకి సెట్టు నిలుస్తుందో లేదో చూద్దామని, ఉన్న బండిలో డ్రైవరన్న పక్కన కూర్చుని నేను కిందికి బయల్దేరాను.

ముందురోజు వాన పడింది. మలుపు దగ్గర పక్క గట్టు జారి, రాళ్ళూ మట్టీ క్యాబిన్ మీదికి వచ్చేశాయి. రెండు తలుపులూ తెరుచుకోలేదు. ముందు అద్దం నిండా మట్టి. నా కిటికీ పైన జానెడు సందు మిగిలింది. డాష్‌బోర్డు లోపలికి నొక్కుకుపోయి అన్న కాళ్ళు ఇరుక్కున్నాయి.

"నొక్కు తమ్ముడూ, పిలువు ఎవర్నన్నా," అన్నాడు.

నొక్కి అరిచాను. ఆదివారం, క్వారీలో నరమానవుడు లేడు. రెండో బండి పేటలో ఉంది. ఎవరికీ వినపడకూడదని ఏరికోరి పెట్టిన చోట నేనే గొంతు చించుకుంటున్నాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

"కాళ్ళు తెలీట్లేదురా," అన్నాడు అన్న.

"విన్నారన్నా, వస్తన్నారు" అని అబద్ధం చెప్పాను. చెప్పి, బండి రేడియోలో మామ్మ వినే పాటలు వెతికాను. సన్నగా వచ్చాయి. జేబులో టెస్టరు ఉంది. దాంతో ట్రాన్స్‌మిటర్ లోపల స్టేషను మార్చే మరను కొద్దికొద్దిగా తిప్పాను. రెండుసార్లు దాటిపోయింది. మూడోసారి పాట ఆగిపోయి కీచుమని కూత మొదలైంది. ఆవిడ రేడియో పెట్టుకుని ఉంటే అక్కడా పాట ఆగినట్టే.

"మామ్మా, మలుపు దగ్గర ఇరుక్కుపోయాం. మనుషుల్ని తీసుకురా." మీట వదిలితే పాట, నొక్కితే నేను. ఆవిడ వింటోందో, విసుగొచ్చి కట్టేసిందో తెలిసే దారి లేదు. అన్న పలకడం మానేశాడు. ఊపిరి ఉందా అని అతని ఛాతీ మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో మీట నొక్కుతూనే ఉన్నాను. నాకు చచ్చేంత భయం వేసింది.

చాలాసేపటికి పైనుంచి తిట్లు వినపడ్డాయి. "సిగ్గుండక్కర్లా నీకు? ఆదివారం పూట కూడా పాట విననియ్యవా?"

సందులోంచి చెయ్యి బయటపెట్టి ఊపాను. తిట్టు సగంలో ఆగింది. "ఓరి దేవుడా" అంటూ పరిగెత్తింది. గడ్డపారలు పట్టుకుని పదిమంది వచ్చారు. అన్న ప్రాణం, కాళ్ళు రెండూ దక్కాయి.

దణ్ణం పెట్టడానికి తర్వాత ఆవిడ ఇంటికి వెళ్ళి, నా మాటలు విని వచ్చావా అని అడిగాను.

"మాటలెక్కడియ్యా, ఒకటే కూత. మళ్ళీ మీ లారీల పనేనని, నీ సంగతేందో తేల్చుకుందామని వచ్చా."

ఎదురుగా అదే స్టేషను మీద రేడియో మోగుతుంటే మైకు కూతే పెడుతుంది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పే ముక్క అది. భయంలో రేడియో సౌండు తగ్గించడం నేనే మర్చిపోయాను. నేను పెట్టిన మొరలో ఒక్క అక్షరం కూడా బయటికి పోలేదు. ఆవిడ మరికాస్త ఓర్పుగల మనిషైతే రేడియో కట్టేసి, దుప్పటి ముసుగేసి పడుకునేది.