డంకన్ తాత కూర్చున్న గుంత

పోలీస్ యాక్షన్ ముగిసిన కొన్నాళ్ళకి దేవానందం, ముత్తాత డంకన్‌లాగా పల్టన్‌లో సిపాయిగా చేరతానని ఇంట్లో చెప్పాడు. తండ్రి దేవసహాయం పొంగిపోయి, అదంతా డంకన్ తాత నెత్తురన్నాడు. అక్క డోరాకి గుండెలో రాయి పడింది. ఆ తాత కథే తమ్ముణ్ణి ఎత్తుకుపోతోందని ఆమె భయం.

రాంగోపాల్‌పేటలో ఆ ఇంటికి ఎవరొచ్చినా దేవసహాయం ఆ కథ చెప్పకుండా పంపేవాడు కాదు. తన తాత డంకన్ స్కాట్లండులో కొండమీది కోటలో పుట్టాడట. పల్టన్ వాళ్ళ డోలు వినబడగానే తండ్రి కత్తి దూసుకుని తనంత తానే వెళ్ళి చేరాడట. ఓడెక్కి తిర్మలగిరిలో పల్టన్ ఉండే బారకాసులకు వచ్చాడట. ఏటేటా ఆ కత్తి జానెడు పొడుగయ్యేది. డోరా తలుపు చాటున నిలబడి వినేది. జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి బడి మానిన పిల్ల, తల్లి పోయాక కూడా మళ్ళీ వెళ్ళలేదు. నలుగురిలో నోరు విప్పడం ఆమెకి చేతకాదు. చూడడం మాత్రం చేతనవును.

అంతకుముందు, పోలీస్ యాక్షన్‌లో విమానాలు ఇంటిమీదుగా తిరిగిన రోజుల్లో నాయనమ్మ కాంతమణి ఆమెను వెనకగదిలోకి లాక్కుపోయింది. ఆ గది నేలలో మోకాటిలోతు గుంత ఉంది. అందులో బొగ్గులు పోసుకునేవాళ్ళు. అప్పటికి బొగ్గులు అయిపోయాయి. ఇద్దరూ కాళ్ళు లోపలికి వదిలి కూర్చున్నారు. పైన ఆకాశం ఉరుముతోంది. కింద చీకటి, చెలమనీళ్ళలా చల్లగా పాదాలను తాకుతోంది. కాంతమణి కళ్ళు మూసుకుని జోలపాట అందుకుంది.

మంచు కురిసే ఊరిలోన మగ్గమాగిపాయె, జోజో
పస్తులున్న చిన్నవాడికి బువ్వ చూపినారె, జోజో
బువ్వ తిన్న చేతులకే ఎర్రకోటు తొడిగిరే, జోజో

ఊయలలో ఉన్ననాటి నుంచీ విన్న పాటే. ఆ వేళ మాత్రం మంచులో నడిచొస్తున్న పిల్లవాడొకడు డోరాకి కనిపించాడు. వాడి చేతిలో కత్తి లేదు. ఆమె పాదాలు గుంతలో పక్కపక్కనే, దేన్నో తొక్కబోతున్నట్టు ఆగి ఉన్నాయి.

"నాయనమ్మా, ఇది బొగ్గుల గుంత కాదు గదా?"

"మగ్గం గుంత బిడ్డా. పల్టన్ ఇడిచినంక మీ ముత్తాత గీడనే కూసొని నేసిండట. పాట మా అత్త కట్టింది. ఆయన పెండ్లానికి ఎరికుండదా? కోట లేదు, కత్తి లేదు. సాలెపని పోయి ఆకలికి చేరిండు."

"మరి నాయినకు ఎందుకు చెప్పలే?"

"పాడి చెప్పిన గదా. జోలపాట మగోళ్ళు ఎన్నడన్న కడదాకా విన్నరా? మధ్యలనే నిద్రపోతరు."

దేవానందం బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం, దేవసహాయం గొడుగునే కత్తిలా పట్టుకుని, తాత ఎలా నడిచాడో కొడుక్కి చూపిస్తున్నాడు. డోరా తలుపు దాటి వచ్చింది. మాటలు రాక ఆ పాటే పాడింది. చివరిదాకా పాడింది. ఆ తర్వాత గుంత సంగతి చెప్పింది.

దేవసహాయం గొడుగు దించి వెనకగదిలోకి వెళ్ళాడు. గుంత అంచున చతికిలబడి కాళ్ళు లోపల పెట్టాడు. ఇన్నేళ్ళూ చూస్తున్న గుంత అది. అతని మోకాళ్ళు సరిగ్గా అమరాయి.

ఇక తమ్ముడు ఆగిపోతాడనుకుంది డోరా. దేవానందం తండ్రి పక్కన కూర్చున్నాడు.

"నాయినా, నేను సుత కత్తి కోసం పోతలేను. మన బట్టల దుకాణం బందయినకాడికెల్లి ఇంట్ల ఎవరు ఎంత తింటున్నరో అక్కకు ఎరికే. నువ్వు పరేషాన్ గావద్దని డంకన్ తాత పేరు చెప్పిన."

డోరా తల దించుకుంది. తమ్ముడి కంచంలోకి తన ముద్ద జరిపినట్టే, తన కంచంలోకి అతనూ జరిపేవాడని ఆమెకి తెలుసు. తెలిసీ, తప్పంతా ఆ కథ మీద వేసింది.

మర్నాడు దేవసహాయం అరుగు మీద నిలబడి సలాము కొట్టలేదు. కొడుకు మూట తనే మోస్తూ సడక్ దాకా నడిచాడు. దారిలో ఎదురైనవాళ్ళు ఎక్కడికని అడిగితే, పనికి పోతున్నడు అన్నాడు. మూట అందిస్తూ మెల్లగా అడిగాడు.

"ఆడ అన్నం కడుపునిండ పెడ్తరా?"

"పెడ్తరట."

దేవానందం తిర్మలగిరి వైపు నడిచాడు. తండ్రి చేతులు ఖాళీగా, మూట ఆకారంలోనే కాసేపు ఉండిపోయాయి.