ఐసులో పెట్టిన నెమలి రింగు

మనిషి తన పరువు తానే తీసుకోవడానికి ఎన్ని దారులున్నాయో నాకు బాగా తెలుసు. చాలా వాటిలో నడిచి చూశాను. కానీ ఇప్పుడు చెప్పబోయే దారిలో మాత్రం నాకంటే ముందు ఎవరూ నడవలేదు, నా తర్వాత నడవబోరు. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, ఒక రబ్బరు రింగు కోసం నేను చేసిన నిర్వాకం ఇది. నవ్వొస్తే ఆపుకోకండి. నేనే ఇన్నేళ్లుగా ఆపుకోలేకపోతున్నాను.

రింగాట మీలో చాలామంది చిన్నప్పుడు ఆడే ఉంటారు. మధ్యలో వల, అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. పెద్ద గారెలాంటి రబ్బరు రింగును అవతలికి విసరాలి. ఇవతలికి వస్తే ఒంటిచేత్తో పట్టాలి. బడిపిల్లలు టెన్నికాయిట్ అంటారు. మాకు రింగాటే. చేపల వేలంపాట అయ్యాక ఎండుచేపలు ఆరబోసి, కాకులూ గద్దలూ ఎత్తుకుపోకుండా కాపలా కూర్చోవాలి కదా, ఆ కాపలా వేళలోనే మేము ఆడేవాళ్లం. మా ఆటకు వల కొనే పని లేదు. మగవాళ్లు పనికిరాదని పారేసిన చేపల వల మాకు పనికొచ్చేది.

నేనూ మా ఆడపడుచు నూకాలూ ఒక జట్టు. అప్పటికి నాకు ముప్ఫై అయిదుంటాయి, దానికి పాతిక దాటి ఉంటాయి. నేను విసిరితే రింగు ఎక్కడ పడాలంటే అక్కడ పడేది. ఇది గొప్పకు చెప్పడం లేదు. నిజంగానే గొప్పగా ఆడేదాన్ని.

ఆ రోజుల్లో మద్దిలపాలెంలో ఆటవస్తువుల దుకాణం నడిపే సూర్రావుగారు వంజరం చేప కోసం వారం వారం హార్బర్‌కు వచ్చేవారు. గోదావరి జిల్లా మనిషి. మాటకు ముందొక ‘ఆయ్’, వెనకొక ‘అండి’ ఉంటాయి. ఒకరోజు చేప సంగతి మరిచిపోయి మా ఆట చూస్తూ నిలబడిపోయారు.

“ఆయ్, ఏం విసురమ్మా అది! ఏ కంపెనీ రింగండి మీది?” అన్నారు.

“కంపెనీ ఏటి బాబూ, బజార్లో దొరికిన రింగు,” అన్నాను.

ఆయన ముఖం ఎలా అయిందంటే, పెళ్లికూతుర్ని గోనెసంచి కట్టుకుని పీటల మీద కూర్చోమన్నట్టు అయింది. మర్నాడే ఒక పెట్టె పట్టుకొచ్చారు. పెట్టె మీద నెమలి బొమ్మ. నెమలి పక్కన రింగు పట్టుకుని నవ్వుతున్న ఒకావిడ ఫొటో. ఎన్నో కప్పులు గెలిచిన పెద్ద ఆటగత్తె అట.

“ఈవిడ నెమలి రింగు తప్ప ఇంకోటి ముట్టుకోరండి. కంపెనీవాళ్లు ఆవిడకి అన్నీ ఇచ్చి ఆడించుకుంటారు. ఈ విశాఖపట్నంలో మా నెమలికి మిమ్మల్ని నిలబెడదామనుకుంటున్నానండి. రెండు రింగులిస్తాను, బొమ్మున్న బనీనిస్తాను. మీరు గెలిస్తే మీ ఫొటో పెద్దది చేయించి మా షాపులో ఈవిడ పక్కనే కడతాను. ఒక్కటే షరతండి. ఇంకో రింగు మీ చెయ్యి తగలకూడదు.”

చూడండి, నా పెళ్లిలో కూడా నన్ను ఇంత మర్యాదగా ఎవరూ ఏదీ అడగలేదు. సముద్రం వైపు తిరిగి చెయ్యెత్తి ఒట్టేశాను. “నెమలి రింగు తప్ప నాను ఇంకోటి ముట్టుకోను!”

నూకాలు పక్కనుంచి గొణిగింది. “వొదినా, ముందు సేత్తో పట్టుకుని సూడొచ్చు కదా. మన పాత రింగు సేతికి మెత్తగా ఉంటాది. ఇదేటో జారిపోతాంది.”

“నీకేటి తెలుసే? ఫొటోలో ఆవిడ జారిపోతాందని ఏడుత్తాందా? నవ్వుతాంది!”

ఆ వాదన నేనే గెలిచాను. బుద్ధి మాత్రం ఓడిపోయింది.

ఆ రోజు నుంచి నేను నేల మీద నడవలేదు. చీర మీదే ఆ బనీను తొడుక్కుని, వీపు మీద నెమలితో చేపలు అమ్మేదాన్ని. నెమలి కింద ఏవో అక్షరాలుండేవి. నా పేరే రాయించారని నమ్మకంగా అందరికీ చెప్పాను. ఎన్నో ఏళ్ల తర్వాత చదవడం నేర్చుకున్నాక ట్రంకుపెట్టెలోంచి ఆ బనీను తీసి చూసుకుంటే, ‘క్యారమ్ బోర్డులు రిపేరు చేయబడును’ అని ఉంది. ఏడాదిపాటు హార్బరంతా ఆ కబురు మోసుకు తిరిగానన్నమాట.

మా పాత రింగును ఎవరైనా తీస్తే ఊరుకునేదాన్ని కాదు. “సీ, ఊరూపేరూ లేని రింగు, అవతల పారీ!” అనేదాన్ని. నిజం చెప్పాలంటే నెమలి రింగు చెమటకు చేపపిల్లలా జారేది. జారినప్పుడల్లా తప్పు నా చేతిదే అనుకునేదాన్ని. రింగును అనుమానించడానికి మనసు వస్తేనా!

అంతలో ఆడవాళ్ల పోటీలు వచ్చాయి. ఆడుతూ ఆడుతూ మేము ఫైనల్‌కు చేరాం. గెలిచిన జట్టును గుంటూరులో పెద్ద పోటీకి రైల్లో తీసుకెళ్తారు. నాకు ఆ రైలు ముఖ్యం కాదు, షాపులో ఫొటో ముఖ్యం. నూకాలుకు మాత్రం రైలే ప్రాణం. పుట్టిన దగ్గర్నుంచీ రైలు కూత వింటూ పెరిగిందే గానీ ఒక్కసారి ఎక్కిన పాపాన పోలేదు. ఫైనల్‌కు వారం ముందే సంచి సర్దేసింది. కిటికీ పక్కన కూర్చుంటే జుట్టు రేగిపోతుందని కొత్త రిబ్బను కూడా కొనుక్కుంది.

ఫైనల్‌కు వచ్చేసరికి మొదట ఇచ్చిన రెండు రింగులూ అరిగి తెగిపోయాయి. అందుకే ఆట ముందురోజు సూర్రావుగారు సీలు విప్పని కొత్త రింగు నా చేతిలో పెట్టారు. “అమ్మా, రేపు ఫొటోగ్రాఫరు వస్తాడండి. రింగు ఫొటోలో తాజాగా, మెరుస్తా ఉండాలి. జాగ్రత్తగా దాచండి.”

తాజాగా ఉండాలి అన్నారు. జాగ్రత్తగా దాచమన్నారు. ఇప్పుడు చెప్పండి, పుట్టినప్పటి నుంచీ చేపల మధ్య బతికిన మనిషి, తాజాగా ఉండాల్సిన వస్తువును ఎక్కడ దాస్తుంది?

అవును. ఐసు పెట్టెలోనే దాచాను.

కింద ఒక వరస పొడికొట్టిన ఐసు, మీద నెమలి రింగు, దాని మీద మళ్లీ ఐసు, పైన మంచి వంజరాలు, కాస్త కానాగంత చేపలు. రాణీవాసం అనుకోండి. తర్వాత్తర్వాత ఆ రింగు డబ్బా మీది అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివాను. ఎండలో పెట్టరాదు అని ఉంది. నూనె తగలరాదు అని ఉంది. చేపలతో కలిపి ఐసులో పెట్టరాదు అని ఎక్కడా లేదు. రాసినవాళ్లు మా హార్బరు మనుషులు కారు, వాళ్లకేం తడుతుంది!

ఫైనల్ మా జెట్టీ పక్క మైదానంలోనే. అవతలి జట్టు గోపాలపట్నం అక్కాచెల్లెళ్లు. టాసు గెలిచినవాళ్ల రింగుతో ఆడాలి. అదృష్టమో ఏమో, పోటీల్లో ప్రతిసారీ టాసు మాదే అయింది, ఈసారీ మాదే. ఐసు పెట్టెలోంచి రింగు తీసి, కొంగుతో తుడిచి, అంపైరు మేడమ్ ముందు పెట్టాను.

“ఇదేంటమ్మా ఇంత చల్లగా ఉంది?” అన్నారు మేడమ్.

“తాజా రింగండి!” అన్నాను గర్వంగా.

మేడమ్ రింగును వాసన చూసి నా వైపు ఒకసారి చూశారు. చెయ్యి తుడుచుకుని ఈల వేశారు.

ఆట మొదలైంది. రింగు ఇనపచట్రంలా బిగిసి ఉంది. నేను విసరగానే అక్కగారు పట్టుకుంది, “ఓలమ్మా!” అని వదిలేసింది. తర్వాతది చెల్లెలు పట్టుకుంది, అదీ వదిలేసింది. “ఇది రింగా, ఐస్‌క్రీమా?” అని అరిచింది. వాళ్లు చేతులు ఊదుకుంటూ ఉంటే మేము పాయింట్లు ఏరుకున్నాం. మా చేతులు రోజూ ఐసులో మునిగి తేలేవే కదా, మాకు చలి ఏమిటి? మొదటి గేము మాదే. సూర్రావుగారు జనంలో తిరుగుతూ, “చూశారాండి మా నెమలి పవరు!” అని ఉపన్యాసాలు మొదలుపెట్టారు.

రెండో గేముకు సూర్యుడు నెత్తి మీదికి వచ్చాడు. రింగు చల్లదనం కరిగింది. రబ్బరు మెత్తబడి ఎప్పటిలా జారడం మొదలుపెట్టింది. దానితోపాటు రాత్రంతా చేపల కింద తాగిన నీరు చెమటలా బయటికి వచ్చింది. వాసన చెప్పనక్కర్లేదు. ఆ గేము వాళ్లు గెలిచారు.

మూడో గేములో నూకాలు ఆకాశం వైపు చూసి, “వొదినా, ఏటిది, గద్దలు మన మీద తిరుగుతన్నాయి?” అంది.

“మన ఆట సూడ్డానికొచ్చాయిలే.”

“నాలుగొచ్చాయి.”

“పెద్ద ఆట కదా మరి!”

స్కోరు ఇరవై, ఇరవై. ఒక్క పాయింటు వస్తే గుంటూరు. సర్వీసు నాది. ఫొటోగ్రాఫరు మోకాళ్ల మీద కూర్చుని కెమెరా ఎత్తాడు. నేను పెట్టె మీది ఆవిడలాగే నవ్వుతూ, రింగును ఎప్పుడూ విసరనంత ఎత్తుకు విసిరాను.

పైకి వెళ్లిన రింగు కిందికి రాలేదు.

గోధుమరంగు గద్ద ఒకటి పైనుంచి రాయిలా పడి, గాల్లోనే రింగును రెండు కాళ్లతో ఒడిసిపట్టి, మర పడవల మీదుగా సముద్రం వైపు వెళ్లిపోయింది. రెండు చేతులూ ఎత్తి చెప్తున్నాను, అంత చక్కటి క్యాచ్ మా పోటీల్లో ఎవరూ పట్టలేదు.

“పట్టుకుపోనాది! పట్టుకుపోనాది!” అని జనం గోల.

అంపైరు మేడమ్ ఈల వేశారు. “పాయింటు లేదు. వేరే రింగుతో మళ్లీ సర్వీసు చెయ్యండి.”

గోపాలపట్నం వాళ్లు తమ రింగు ఇచ్చారు. ఊరూపేరూ లేని రింగు. అచ్చం మా పాత రింగులాంటిదే. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“నాను ముట్టుకోను.”

“ఏటి?” అంది నూకాలు.

“ఒట్టేశాను. నెమలి రింగు కాకపోతే నాను ఆడను. దుకాణానికెళ్లి ఇంకోటి తెమ్మను.”

“మద్దిలపాలెం ఎల్లి తెచ్చేసరికి సందేళయిపోతాది వొదినా!”

“అయితే గద్ద తిరిగొస్తాది. తినేది కాదని తెలిస్తే అదే ఒగ్గేస్తాది.”

“గద్ద కోసం కాసుక్కూచుంటావా? నా రైలు ఎల్లిపోతాందే తల్లీ!” దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. “నువ్వు ఒట్టెట్టింది ఆ సముద్రానికా, ఆ దుకాణానికా? ఆయన్నే అడుగు, ఆడమంటాడో మానమంటాడో!”

మేడమ్ వాచీ చూస్తున్నారు. “రెండు నిమిషాలమ్మా. లేకపోతే వాళ్లదే గెలుపు.”

నేను జనంలో సూర్రావుగారి కోసం వెతికాను. ఒక్కసారి తల ఊపితే చాలు, ఒట్టు తీసి గట్టున పెడదామని. ఆయన నా వైపు చూడటం లేదు. ఫొటోగ్రాఫరు భుజాలు పట్టుకుని ఊపేస్తున్నారు. “తీశావా? గద్దని తీశావా? కాళ్లలో నెమలి బొమ్మ పడిందా లేదా చెప్పవయ్యా!”

“సూర్రావుగారూ!” అని కేకేశాను.

“ఉండండమ్మా, పనిలో ఉన్నాను!” అన్నారు ఆయన, వెనక్కి తిరక్కుండానే.

అప్పుడు తీసుకున్నాను ఆ రింగు. ఏడాది తర్వాత నా చేతికి తగిలిన మామూలు రింగు. ఎంత మెత్తగా, ఎంత చక్కగా పట్టుకు కూర్చుందో! కానీ నా చెయ్యి ఏడాదిగా జారే రింగుకు అలవాటుపడిపోయి, జారకుండా పిడికిలి బిగించి, బలమంతా పెట్టి విసరడమే నేర్చుకుంది. అలాగే విసిరాను. రింగు గోపాలపట్నం అక్క నెత్తి మీదుగా, చెల్లెలి నెత్తి మీదుగా, కూర్చున్న పెద్దల నెత్తి మీదుగా వెళ్లి, జెట్టీ దగ్గర కట్టేసిన పడవలో వల బాగు చేసుకుంటున్న ముసలాయన ఒళ్లో పడింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది మా వలది కాదమ్మా,” అన్నాడు.

ఓడిపోయాం.

నూకాలు సర్దిన సంచి విప్పకుండా మూడు రోజులు దాని మీదే తల పెట్టుకుని పడుకుంది. నాలుగో రోజు అంపైరు మేడమ్ కబురు పంపారు. గుంటూరు వెళ్లే జట్టుకు ఒక మనిషి అదనంగా కావాలట. “ఏ రింగు ఇచ్చినా ఆడే మనిషిని పంపండి,” అన్నారట. ఆ ‘ఏ రింగు ఇచ్చినా’ అన్నమాట ఎవరికోసమో అర్థం చేసుకోవడానికి నాకు చదువు అవసరం రాలేదు. నూకాలు కొత్త రిబ్బను కట్టుకుని రైలెక్కింది. నేను స్టేషనుకు సంచి మోశాను.

“కిటికీ పక్కన కూకోవే,” అన్నాను.

“నువ్వు సెప్పాలా?” అంది. అప్పుడు నవ్వింది.

రైలు కదిలాక నేరుగా మద్దిలపాలెం వెళ్లాను. ఓడినా సరే, ఏడాది నమ్మకానికి ఒక చిన్న ఫొటో అయినా కడతారని ఆశ. దుకాణంలో ఆ పెద్ద ఆటగత్తె పక్కన కొత్త ఫొటో వేలాడుతోంది. నిలువెత్తు. పూలదండ కూడా వేశారు. చక్కగా రెక్కలు చాచి, కాళ్లలో రింగు పట్టుకుని, ఠీవిగా ఎగురుతోంది గద్ద. కింద మూలన ఎత్తిన చెయ్యి ఒకటి సగం పడింది. అది నాది.

“ఏమండీ, బావుందా?” అన్నారు సూర్రావుగారు మురిసిపోతూ. “ఆకాశంలో కూడా మా నెమలి రింగుకే గిరాకీ అని రాయించానండి. సగం స్టాకు అయిపోయింది!”

“మరి నానో?”

ఆయన ఇబ్బందిగా మెడ గోక్కున్నారు. “మీరేమో వేరే రింగు ముట్టుకున్నారు కదండీ... షరతు తప్పింది. గద్ద తప్పలేదండి.”

అలా నా చోటు గద్దకు పోయింది. దానికి బనీను కూడా ఇవ్వక్కర్లేదు. తర్వాత ఎన్నో ఏళ్లు హార్బర్ మీద గద్ద తిరిగినప్పుడల్లా నూకాలు నన్ను ఏడిపించేది. “వొదినా, మీ కంపెనీ ప్లేయరొచ్చింది, లేచి దండం ఎట్టు!”

అందువల్ల, ఇది చదివే పెద్దలందరి ఎదుట, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. పెట్టె మీద ఎవరు ఎంత అందంగా నవ్వినా, ముందు వస్తువు చేత్తో పట్టి చూస్తాను. నా ఫొటో ఏ గోడకు కడతామన్నా, ఆ గోడ ఎవరిదో అడుగుతాను. పక్షులతో పోటీకి దిగను. ఇకముందు నా ఒట్టు మనుషులకే గానీ, సరుకుకు కాదు.

ఈ ప్రమాణం కూడా ఏ కంపెనీ చేయించింది కాదు. సొంత ఖర్చు మీద చేస్తున్నాను.