తూర్పు గోడకి సున్నం

మొన్న చీపురుపల్లిలో మా పక్కింటివాళ్ళు ప్రహరీకి వెయ్యడానికి తొట్టిలో సున్నం నానబెట్టారు. అది కుతకుతమని పొంగి, ఆ వేడి వాసన వంటింటి కిటికీలోంచి వచ్చేసరికి కూర తరగడం మానేసి అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసనంటే నాకు కరుణమ్మగారే.

అరవయ్యో దశకం చివర్లో, కోటబొమ్మాళి స్టేషనులో దిగి ఎడ్లబండిలో సముద్రం దాకా వెళ్తే వచ్చే ఒక చేపల పల్లెలో నా మొదటి ఉద్యోగం. రెండు గదుల బడి. ఆవిడ హెడ్మిస్ట్రెస్, నేను అసిస్టెంటుని, మూడో మనిషి లేరు. ఆదివారాలు అక్కడే ప్రార్థన. ఇరవై ఏళ్ళ నాకు బైబిలు వాక్యమంతా కంఠతా వచ్చు, అందుచేత అన్నీ తెలుసనుకునేదాన్ని. కరుణమ్మగారు ప్రసంగాలు చేసేవారు కాదు. పిల్లలకి గోళ్ళు తీసేవారు, పల్లెవాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవారు. చెడుగూ చావూ లేని కొత్త లోకం గురించి మాత్రం, రేపొచ్చే బండి గురించి చెప్పినంత ధీమాగా చెప్పేవారు.

ఈస్టరు ముందురోజు ఊళ్ళోని క్రైస్తవులంతా సమాధుల తోటకి వెళ్ళి తమవాళ్ళ గోరీలకి గుల్ల సున్నం వేసేవారు. చనిపోయినవాళ్ళు ఒకనాడు ఆ గోరీల్లోంచే లేచి వస్తారన్న నమ్మకంతో మర్నాడు తెల్లవారగానే అక్కడే పాటలు పాడాలి. ఆ ఏడు గేటు దగ్గర రాజమ్మ ఒక్కతే సున్నం డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. అంతకుముందు వానాకాలంలో ఆమె పెద్దకొడుకు యోహాను వేటకెళ్ళిన తెప్ప ఖాళీగా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. పిల్లాడు దొరకలేదు.

"నా కొడుక్కి గోరీ నేదు పంతులమ్మా. అందరూ లెగిసినపుడు ఆడెక్కడ్నుంచి లెగుస్తాడు?" అంది.

జవాబు నా నాలిక చివరే ఉంది. "ఆ కొత్త లోకంలో సముద్రమే ఉండదు రాజమ్మా. ఇంకెవర్నీ మింగదు" అన్నాను, ఓదారుస్తున్నాననుకుని.

ఆమె మొహం పాలిపోయింది. "సంద్రమే నేకపోతే, ఆడు దాన్లోనే ఉన్నాడు గదా! దాంతోపాటు ఆడూ పోయినట్టేనేటి?" అంటూ చతికిలబడింది. "అలాటి లోకం నాకొద్దు. నానక్కడికి రాను."

వెనకనుంచి కరుణమ్మగారు వచ్చారు. "పాఠం బాగా అప్పజెప్పీసినావు గానీ, ఆ తల్లి సేతిలో ఏటుందో సూసినావా?" అని నన్ను ఒక్క మాట అని, వెళ్ళి రాజమ్మ పక్కన నేలమీదే కూర్చున్నారు.

"ఒసే రాజమ్మా, సంద్రం ఊరికే పోదే. దాసుకున్నోళ్ళందర్నీ ముందు అప్పగించాల. ఒక్కడు తక్కువైనా దేవుడొప్పుకోడు. మన యోహాను ఒడ్డెక్కినాకే ఏటైనా."

"నిజివేనా అమ్మా?"

"నిజివే. నా పెనివిటీ ఆ నీళ్ళలోనే ఉన్నాడు. నానెదురుసూడ్డం నేదా?"

ఏడాదిగా ఆవిడతో ఒకే కుండలో అన్నం తింటున్నా ఆ సంగతి నాకు తెలీదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"లెగు, సున్నం ఎండిపోతాది" అని ఆవిడ మమ్మల్ని బడి దగ్గరికి తీసుకొచ్చారు. బడి తూర్పు గోడ సముద్రానికి ఎదురుగా ఉంటుంది. "అక్కడ్నుంచి వచ్చినోళ్ళకి ముందు కనపడేది ఇదే. ఇది మాసిపోయుంటే ఏం బాగుంటాది?" అన్నారు. మొదటి పూత రాజమ్మ వేసింది. సాయంత్రానికి, తమవాళ్ళకి గోరీలు లేని మరో నలుగురు ఆడవాళ్ళు తమ డబ్బాలతో వచ్చి చేరారు. మర్నాడు నీళ్ళలోంచి సూర్యుడు లేస్తుంటే ఆ గోడ దగ్గరే ముందుగా పాడాం. రాజమ్మ గొంతు అందరికంటే పైకి వినిపించింది, శ్రుతి సంగతి అడక్కండి.

తర్వాత తెప్పలవాళ్ళు వేటనుంచి వస్తూ ఆ తెల్ల గోడనే గురుతు పెట్టుకోవడం మొదలెట్టారు. అది విని కరుణమ్మగారు పడీపడీ నవ్వారు. "ఆ లోకానికని ఏస్తే, ఈ లోకానికీ పనికొచ్చిందే!" అన్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఎదురైతే, నోరు తెరిచే ముందు ఈనాటికీ వాళ్ళ చేతుల వంక చూస్తాను. ఏటా ఈస్టరు ముందురోజు ఆ పల్లెకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని చెయ్యి అందినంత మేర సున్నం వేస్తాను. నిరుడు రాజమ్మ మనవడు జాలిపడ్డాడు.

"ఈ వయసులో నీకేటి మామ్మా ఈ బాధ? మంచి పెయింటు ఏయించేస్తాను, అయిదేళ్ళదాకా ఇటేపే సూడక్కర్లేదు."

"అయిదేళ్ళదాకా వాళ్ళు ఒడ్డెక్కరని నీకెవరు చెప్పార్రా?" అని కుంచె ముంచాను.