లాభం తర్వాత రెండు

మా ఆయన నాయుడుపేటలో ఉప్పు కంపెనీ గోడౌను గుమాస్తా. లారీకి బస్తాలు ఎక్కిస్తుంటే ఆయన పక్కన నిలబడి గట్టిగా పాటలా లెక్క చెప్పేవారు. మా అంగళ్ళ లెక్కలో ‘ఒకటి’ ఉండదు. మొదటిది లాభం, ఆ తర్వాత రెండు, మూడు. ఏడు అనడం అశుభమని ‘ఆరున్నొక్కటి’ అంటారు. గోడౌను వెనకే మా ఇల్లు గనక ఆ పాట వంటింట్లోకి వినపడేది.

ఒక రోజు ‘లాభం’ వినపడింది. రెండు వినపడలేదు. చారుకు పోపు వేస్తున్నదాన్ని అట్లాగే నిలబడిపోయాను. పోపు మాడింది. పరుగెత్తి వెళ్ళి చూస్తే ఆయన బస్తా మీద కూర్చుని, చేతులు మోకాళ్ళకు ఆనించి, గాలి కోసం నోరు తెరిచి ఉన్నారు.

“ఏం లేదే... ఉప్పు గాలి,” అన్నారు.

ఇన్నేళ్ళుగా లేనిది ఆ రోజే ఉప్పు గాలి వచ్చిందా?

నెల్లూరు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, “ప్లూరసీ. ఈ పక్కంతా ఫ్లూయిడ్. టీబీ వల్లే అయివుంటుంది,” అన్నారు. వీపులో సూది గుచ్చి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీశారు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నేను అంగడిలో పుట్టి పెరిగినదాన్ని, దేన్నయినా సగానికి అడగందే నాకు తోచదు.

“మనిషి సన్నం గదమ్మా, ఇంజెక్షన్లు కొంచెం తగ్గించరాదా?” అన్నాను.

“ఇందులో బేరం లేదు. మధ్యలో మానేస్తే మనిషి దక్కడు.”

బేరం లేని చోట ఏం మాట్లాడాలో నాకు తెలియదు. వరండాలోకి వచ్చేశాను.

నీరు తగ్గింది గానీ ఆయాసం తగ్గలేదు. “లంగ్ ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. ఇక్కడ బెడ్లు చాలడం లేదు. ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోండి. కొన్ని నెలలు పట్టవచ్చు,” అని డిశ్చార్జి చేశారు.

మా అన్న మద్రాసు నుంచి రైల్లో సిలిండర్ తెప్పించాడు. నల్లటి ఒళ్ళు, తెల్లటి మెడ. మంచం పక్కన నిలబెట్టి, దొర్లకుండా కిటికీ ఊచకు తాడుతో కట్టాం. పైన మీటరు, దాని కింద నీళ్ళ సీసా, అందులోంచి ఆయన ముక్కు దాకా రబ్బరు గొట్టం. సీసాలో బుడగల చప్పుడు వినపడుతున్నంతసేపే నేను ఇంకో పని చేయగలిగేదాన్ని.

మీటరు ముల్లు మాత్రం రోజురోజుకూ కిందికి దిగుతోంది. ఇంకో సిలిండర్‌కు డబ్బు అడగడానికి కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళాను.

“ఆస్పత్రిలో పెట్టిన ఆక్సిజన్‌కు కంపెనీ ఇచ్చింది గదమ్మా. ఇంట్లో పెట్టుకునేది ఇంటి సామాను కిందికి వస్తుంది. మంచం, కుర్చీ మాదిరి.”

“ఇంటి సామానా? దాంట్లో ఏం పోసుకోవాల సార్, ఆవకాయా?”

వెనక కూర్చున్న గుమాస్తాలు నవ్వారు. మేనేజరు నవ్వలేదు. “కంపెనీ డాక్టరు వచ్చి చూస్తాడు. ఆయన అవసరమని రాస్తే అప్పుడు చూద్దాం.”

డాక్టరు జీపు చప్పుడు వినగానే మా ఆయన ముక్కులోని గొట్టం పీకేసి, చొక్కా తొడుక్కుని నిటారుగా కూర్చున్నారు. నేను కళ్ళతో ఎంత వారించినా వినలేదు.

“ఒక్క ఊపిరిలో ఎంతదాకా లెక్కపెట్టగలరో పెట్టండి,” అన్నాడు డాక్టరు.

“లాభమే లాభం... రెండే రెండూ...” అని గోడౌను పాట ఎత్తుకున్నారు ఈయన. ఆ పాటలో ఒక కిటుకు ఉంది. అంకెను సాగదీసి, ఆ సాగతీతలో ఎవరికీ కనపడకుండా ఊపిరి దొంగిలించుకుంటారు. లారీ నిండేదాకా గొంతు నిలిచేది అందుకే. అట్లాగే ఇరవై దాటించారు.

“వెరీ గుడ్! ఆక్సిజన్ అక్కర్లేదు. రెస్టు చాలు.”

జీపు వీధి దాటిందో లేదో ఈయన పక్కకు ఒరిగారు. పెదవులు నేరేడుపండ్లయ్యాయి. గొట్టం ముక్కులో పెట్టబోతే రెండుసార్లు జారిపోయింది. మూడోసారికి కుదిరింది.

“ఎందుకు చేసినారండీ అట్టా?” అని ఏడ్చాను.

“డాక్టరు ముందర... లెక్క తప్పితే... గోడౌనులో ఉండనిస్తారా నన్ను?”

ముల్లు ఎర్రగీతకు దగ్గరపడింది. ఇంకొక రోజు వస్తుందేమోనని సిలిండర్ మర తిప్పి బుడగలు తగ్గించాను. నూనె సన్నగా వంచి పోసే ఇంట్లో పుట్టిన బుద్ధి! కాసేపటికి ఆయన గోళ్ళు నీలంగా మారాయి. మళ్ళీ ఆదరాబాదరా తిప్పాను. మనిషి ఊపిరికి మర నా చేతిలో ఉండటమంత భయం నేను ఇంకెప్పుడూ ఎరగను.

పక్కింటావిడను ఆయన దగ్గర కూర్చోబెట్టి, కంపెనీ డాక్టరు ఇంటికి వెళ్ళాను.

“నేను చూశాను గదమ్మా? ఇరవై దాటించాడు.”

“ఆయన పాట పాడినాడు సార్. పాట లేకుండా ఒట్టి లెక్క చెప్పించండి. మళ్ళా ఇరవై దాటితే సిలిండర్ తెచ్చి మీ వాకిట్లో పెట్టి పోతా, మీరే ఆవకాయ పోసుకోండి!”

డాక్టరు నవ్వి, సాయంత్రం వస్తానన్నాడు.

అసలు బేరం ఇంట్లో ఉంది. “తక్కువ లెక్క చెప్పమంటావా? నా జన్మలో చెప్పలేదే,” అన్నారు మా ఆయన.

“తక్కువ చెప్పమనలేదు. ఉన్నంత చెప్పండి. లేని ఊపిరి కలిపి చూపిస్తే అది కల్తీ కాదా?”

ఆయన చేతికందేలా పెట్టుకున్న చొక్కాను పక్కకు నెట్టారు. ఇసక కలిసిన బస్తాను వెనక్కి పంపి యజమానితోనే తగాదా పడ్డ మనిషి ఆయన.

సాయంత్రం డాక్టరు వచ్చాడు. ఈసారి చొక్కా లేదు, పాట లేదు. “లాభం, రెండు, మూడు, నాలుగు...” ఐదు దగ్గర గొంతు సన్నబడింది. ఆరు గాలిగా వచ్చింది. ఆ తర్వాత పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆరున్నొక్కటి పొడుగు మాట.

“ఏడు అనండి, చాలు,” అన్నాడు డాక్టరు.

ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ స్థితిలోనూ అశుభం పలకనన్నారు. డాక్టరే లేచి, గొట్టం ఆయన ముక్కులో పెట్టి, అక్కడే కూర్చుని అవసరమని రాశాడు.

మేనేజరు సిలిండర్లకు ఒప్పుకున్నాడు. “మీటరు బాడుగ మాత్రం మీదే, అది ఇంటి సామాను,” అన్నాడు.

“తాళం ఇచ్చి చెవి ఇవ్వనంటే ఎట్టా సార్? కొసరనుకోండి.”

విసుక్కుంటూనే సంతకం పెట్టాడు.

వానల్లో మళ్ళీ జ్వరం, మళ్ళీ నీరు, మళ్ళీ వీపులో సూది. ఇంజెక్షన్లు మాత్రం ఒక్కటీ మానలేదు. ఎండలు ముదిరేసరికి ఆయన గొట్టం లేకుండా అన్నం తినగలిగారు. ఆఖరి సిలిండర్ రైలెక్కించి వచ్చిన రోజు బుడగల చప్పుడు లేని ఇంట్లో నాకే ఊపిరాడలేదు.

ఇప్పుడు ఆయన గోడౌనులో స్టూలు మీద కూర్చుని లెక్క చెబుతున్నారు. నాలుగైదు బస్తాలకోసారి ఆగుతారు. హమాలీలూ ఆగుతారు. ఎవరూ ఏమీ అనరు.

ఇంట్లో ఇట్లాంటి రోగి ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు వస్తున్నాడంటే రోగికి తల దువ్వకండి, చొక్కా తొడగకండి, లేపి కూర్చోబెట్టకండి. అంగట్లో సరుకు పైకి మంచిది పేర్చినట్టు మనిషిని పేర్చకండి. ఎట్లా ఉన్నాడో అట్లాగే చూడనివ్వండి.

ఈ పొద్దున కూడా గోడౌనులోంచి ‘లాభం’ వినపడింది. గరిటె పట్టుకుని నిలబడ్డాను. రెండు వినపడ్డాకే పోపు వేశాను.