సన్యాసిరావు గారి నెత్తళ్ళ సిస్టం

మొన్న మా ఆఫీసులో ఒక కుర్రాడు పొద్దుటి నుంచి వీడియో ఎడిటింగ్ చేస్తూ కంప్యూటర్‌కి ఊపిరి తిప్పుకునే వ్యవధి ఇవ్వలేదు. నేను పక్క నుంచి వెళ్తుంటే దాని వెనక నుంచి వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆగి, వంగి, ఫ్యాను దగ్గర ముక్కు పెట్టి మరీ పీల్చాను. కుర్రాడు కంగారుపడి, "ఏమైనా కాలుతోందా మేడమ్?" అన్నాడు. "లేదు, బాగానే ఉంది" అన్నాను గానీ, బాగా ఉన్నది కంప్యూటరో నేనో అతనికి తేలినట్టు లేదు. ఆ వాసన సన్యాసిరావు గారిని తీసుకొచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ద్వారకా నగర్‌లో, ఒక మేడ మీద, ఆయన కంప్యూటర్లు బిగించి అమ్మే షాపు నడిపేవారు. డిప్లొమా చేతికి రాగానే నేను చేరిన మొదటి ఉద్యోగం అక్కడే. ఈ రోజు నలుగురిలో తలెత్తుకుని పని చేస్తున్నానంటే అది ఆయన చలవే.

పేరు సన్యాసిరావే గానీ ఆయనలో సన్యాసి లక్షణం ఒక్కటీ ఉండేది కాదు. మధ్యాహ్నం క్యారేజీలో చేపల పులుసు రాకపోతే, ఆ సాయంత్రం ఆయన కంటికి మదర్‌బోర్డులన్నీ చెడ్డవే. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళంతా క్యాసెట్ల మిక్సింగ్ మానేసి కంప్యూటర్ల మీద పడ్డారు. అందరూ మా మెట్లెక్కి "ఎడిటింగ్‌కి మంచి సిస్టం కావాలి" అనేవారే తప్ప, ఎంతలో అంటే ఒక్కరూ నిజం చెప్పేవారు కాదు. అందుకని ఆయన డబ్బు ఊసెత్తకుండా, "నెత్తళ్ళా, సందువా, వంజరమా?" అని చేపల పేర్లతో అడిగేవారు. నెత్తళ్ళ సిస్టం అంటే తక్కువలో పని గడిపేది, చందువా మధ్యరకం, వంజరం పెద్ద స్టూడియోల వాళ్ళది. ఇది తెలియక ఒక పెద్దమనిషి "మేం చేపలు ముట్టమండీ" అని లేచి వెళ్ళిపోతుంటే, నేను పరుగెత్తి మెట్ల మీద పట్టుకుని విషయం చెప్పి వెనక్కి తీసుకురావలసి వచ్చింది.

ఏ చేపైనా ఆయన పద్ధతి ఒకటే. కంటికి కనపడే వాటి మీద ఆఖరున ఖర్చు పెట్టాలి. ముందు ర్యామ్, ఆ తర్వాత రెండు హార్డ్‌డిస్కులు. విండోస్ ఒకదానిలో, వీడియో రెండోదానిలో. "వండే సోటూ, సరుకు దాసే సోటూ ఒకటైపోతే ఇల్లాలికి ఎంత ఇబ్బంది? దీనికీ అంతే" అనేవారు. అవి అయ్యాక మిగిలితే మంచి ప్రాసెసర్, ఇంకా మిగిలితే పెద్ద మానిటర్. రంగు లైట్ల కేబినెట్ అడిగినవాళ్ళని మాత్రం ఊరికే వదిలేవారు కాదు. "ఏటి బాబూ, ఎడిటింగ్ సేత్తావా, రికార్డింగ్ డ్యాన్సు పెడతావా?" అని అందరి ముందూ అడిగేసేవారు.

ఆయనకి ఇంకో గర్వం కూడా ఉండేది. రిపేరుకొచ్చిన కేబినెట్ మూత తీసి, లోపలి దుమ్ము చూసి, అది ఏ పేట నుంచి వచ్చిందో చెప్పేసేవారు. నల్లగా ఉంటే పోర్టు బొగ్గు, ఎర్రగా ఉంటే ఇనుప ఖనిజం, స్క్రూలు తుప్పుపట్టి ఉంటే సముద్రపొడ్డు. ఒకరోజు ఒకాయన తెచ్చిన కేబినెట్ నిండా ఎర్రటి పొడి. "పోర్టు పక్కనే గదా మీ ఇల్లు?" అన్నారు. "కాదండీ, మద్దిలపాలెం" అన్నాడాయన. "అయితే ఉద్యోగం పోర్టులో గావాల." "బ్యాంకులో అండీ." సన్యాసిరావు గారు పొడిని వేలికి అద్దుకుని వెలుతురులో చూసి, "ఎక్కడైనా ఉండండి, ఇది ఖనిజమే" అని తీర్పు చెప్పేశారు. బ్యాంకాయన మొహమాటపడుతూ, "దసరాకి మా ఆవిడ పూజ చేసిందండీ. ఫ్యాను తిరుగుతుండగా కుంకుమ చల్లింది" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక స్టోరు గదిలోకి పారిపోయాను. తలుపు వెనక నుంచి వింటే నాకంటే గట్టిగా సన్యాసిరావు గారే నవ్వుతున్నారు. ఆ తర్వాత షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కథ ఆయనే చెప్పుకున్నారు.

అలాంటి షాపుకి ఒక వేసవిలో ఎల్లాజీ వచ్చాడు. సముద్రపొడ్డు పేటవాడు. తండ్రీ అన్నలూ వేటకెళ్తారు. ఇతనికి మాత్రం పడవెక్కితే చాలు, నాలుగు బారలు పోకముందే వాంతులు. "మావోలు ఏటకెల్తే సేపల్ని మోసుకొత్తారు బావా. నానెల్తే నన్ను మోసుకొత్తారు" అని తనే చెప్పి నవ్వేవాడు. అందుకని కెమెరా పట్టుకుని పేటలో పెళ్ళిళ్ళు తీస్తూ బతుకుతున్నాడు. ఇప్పుడు జనం సీడీలు కావాలంటున్నారు. అందులో పూలు రాలాలట, పెళ్ళికొడుకు గుండెలోంచి పెళ్ళికూతురు రావాలట. ఎల్లాజీ ధైర్యం చేసి పేట పెద్ద గారి కూతురి పెళ్ళి ఒప్పుకున్నాడు. అది కుదిరితే ఒడ్డు మీద పెళ్ళిళ్ళన్నీ ఇతనివే. చెడితే, వేసవిలో వేట మీద ఉండే నిషేధం తీరగానే పడవెక్కాల్సిందేనని తండ్రి తేల్చి చెప్పేశాడు.

"నీలం లైట్ల డబ్బా ఇచ్చీ బావా" అన్నాడు ఎల్లాజీ.

"లైట్లు సూసి ఎవులైనా పెళ్ళి ఇత్తారేటి? నీది నెత్తళ్ళ సిస్టం. ర్యామ్ ఎక్కువేత్తాను, డిస్కులు రెండేత్తాను. మానిటర్ పాతదే. కొంచెం పచ్చగా కనపడతాది. పెళ్ళికూతురికి పసుపు ఎక్కువ రాసినారనుకో."

పెళ్ళయిన రెండు మూడు రోజులకి ఎల్లాజీ చెప్పులు లేకుండా మా మెట్లెక్కాడు. "బావా, కంప్యూటర్ తాళి కట్టనిత్తం నేదు!" అన్నాడు. మెల్లగా అడిగితే విషయం తెలిసింది. క్యాసెట్‌లో పెళ్ళంతా శుభ్రంగా ఉంది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే, పెళ్ళికొడుకు తాళి పైకెత్తిన చోట ఆగిపోతోంది. మళ్ళీ మొదటి నుంచి ఎక్కించినా మళ్ళీ అక్కడే. ఈ సంగతి పేట పెద్ద ఇంటికి పాకి, పెళ్ళికూతురి నాయనమ్మతో సహా చుట్టాలంతా వచ్చి ఎల్లాజీ ఇంట్లో కూర్చున్నారు.

మేమిద్దరం ఆటోలో వెళ్ళేసరికి గదిలో కాలు పెట్టే చోటు లేదు. పచ్చటి మానిటర్ మీద పెళ్ళికొడుకు తాళి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. సన్యాసిరావు గారు మూత తీసి దుమ్ము ఊదారు, కేబుల్ మార్చారు. సినిమా మళ్ళీ మొదలైంది, మళ్ళీ తాళి దగ్గరే ఆగింది. నాయనమ్మ నిట్టూర్చింది. "మిసనుదేటున్నాది నాయినా. ఈ కుర్రోడి సెయ్యి మంచిది కాదు. నిమ్మకాయ దిగదీసి, సీడీ ఇంకోల సేత సేయింతాం" అంది. అందరూ తలలూపారు. ఎల్లాజీ తండ్రి సముద్రం వైపు చూశాడు. ఎల్లాజీ గుమ్మం దగ్గర నిలబడి మా ఇద్దరి వైపే చూస్తున్నాడు.

అప్పుడే సన్యాసిరావు గారు, వెనక నిలబడ్డ నేనూ ఒకేసారి చూశాం. వీడియో దాచే రెండో డిస్కుని ఆయన పాత పద్ధతిలో ఫార్మాట్ చేశారు. ఆ పద్ధతిలో ఒక ఫైలు ఒక కొలత దాటి పెరగలేదు. కొలత నిండగానే ఆగిపోతోంది, అది నిండే చోట తాళి పడింది. అంతే. ఆ సంగతి గదిలో మా ఇద్దరికే తెలుసు. చడీచప్పుడు లేకుండా సరిచేసి, పుణ్యం నిమ్మకాయకి వదిలేసి వచ్చేయవచ్చు. ఆ మాటే కళ్ళతో ఆయనకి చెప్పాను కూడా.

ఆయన లేచి నిలబడ్డారు. "మామ్మా, కుర్రోడి సెయ్యికేటీ నేదు, దిష్టీ నేదు. ఈ డబ్బా బిగించింది నాను. లోపల సరుకు దాసే అర తప్పుగా సేసినాను. తప్పు నాది."

నాయనమ్మ ఆయన్ని కిందా మీదా చూసింది. "నువ్వా సేసినావు?"

"నానే."

"అయితే నీకే దిగదియ్యాల. కూకో."

ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, నిమ్మకాయ తల చుట్టూ తిప్పి, థూ థూ అనమంది. మా షాపు యజమాని బుద్ధిగా థూ థూ అన్నారు. ఈలోగా నేను డిస్కు పద్ధతి మార్చి క్యాసెట్ మొదటికి తిప్పాను. ఈసారి తాళి పడింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు, ఎవరో అక్షింతలు తెచ్చి మానిటర్ మీద చల్లారు. "కీబోర్డు మీద ఎయ్యకండమ్మా, గ్యారంటీ పోద్ది!" అని సన్యాసిరావు గారు పీట మీద నుంచే అరిచారు.

ఈ కథ ఊరంతా తిరిగింది. మా దగ్గర వంజరం సిస్టంలు కొనబోతున్న ఒక స్టూడియో యజమాని, తప్పులు బిగించేవాడి దగ్గర కొనడమెందుకని వేరే చోటికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన పులుసన్నం తింటుంటే ఎదురుగా నిలబడి, "ఆ నిమ్మకాయ మీదే వదిలేస్తే ఏం పోయేదండీ?" అని నిలదీశాను.

ఆయన ముల్లు తీసి పక్కన పెట్టారు. "నీకూ నాకూ ఏటీ పోదు పాపా. ఎల్లాజీ పడవెక్కాల" అన్నారు.

ఎల్లాజీ పడవెక్కలేదు. ఆ తర్వాత ఒడ్డు మీద ఎన్నో పెళ్ళిళ్ళు తీశాడు. సన్యాసిరావు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద బెంగ నాకు ఇంకా తీరలేదు. ఇప్పుడు నా చేతుల మీదుగా పెద్ద పెద్ద సిస్టంలు వెళ్తున్నాయి, వాటిలో పొరపాట్లూ వెళ్తూనే ఉంటాయి. తప్పించుకోవడానికి నాకూ దారులు కనపడతాయి. వైరస్ అనవచ్చు, కరెంటు అనవచ్చు. కానీ నోరు తెరిచేముందు, నేను తప్పుకుంటే పడవెక్కాల్సింది ఎవరో ఒకసారి చుట్టూ చూస్తాను. ఎవరో ఒకరు గుమ్మం దగ్గర నిలబడే ఉంటారు.