మా పొంగణాల బండి గురించి రాసిన శేఖరన్న

నేను ఐదో తరగతి వరకే చదువుకున్నాను. ఫోన్‌లో ఇంత పెద్ద పోస్ట్ ఎప్పుడూ రాయలేదు. అక్షర దోషాలుంటే మన్నించండి. నా చేతిరాత ఇంతకన్నా అన్యాయం.

నిన్న పొద్దున బండి దగ్గర పిండి పోస్తున్నాను. రోజూ వచ్చే ఆటో ఆయన దిగి, తినకుండా నిలబడ్డాడు.

"శేఖరన్న పోయినాడంటమ్మా. హార్ట్ ఎటాక్."

పొంగణాలు మాడిపోయాయి.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. శేఖరన్న తిరుపతిలో విలేకరి.

వాళ్ళమ్మ బస్టాండ్‌లో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మేది. అన్న చిన్నప్పుడు పేపర్ కట్టలు దించే పని చేసి, అదే డబ్బుతో చదువుకున్నారు. తర్వాత అదే పేపర్‌లో రాశారు.

పెద్ద షాపుల గురించి రాయడానికి చాలామంది ఉన్నారని ఆయన అనేవారు. ఆయన మాత్రం గొడుగులు బాగుచేసే ముసలాయన గురించి, నగరి నుంచి సైకిల్ మీద లుంగీలు తెచ్చి అమ్మే ఆయన గురించి రాసేవారు.

ఒకరోజు వడమాలపేటలో మా బండి దగ్గర ఆగారు. నాకు పెళ్ళయిన కొత్త. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే భయం.

బండి ఎవరిదని అడిగారు. మా ఇంటాయనది అన్నాను. ఆయన పేరేమని అడిగారు.

మా ఇళ్ళల్లో మొగుడి పేరు నోటితో పలకం. తల దించుకున్నాను.

"సరే, నీ పేరన్నా చెప్పు తల్లీ" అన్నారు. చెప్పాను.

పేపర్‌లో 'సుగుణ పొంగణాల బండి' అని వచ్చింది. మా ఆయన పేరు ఎక్కడా లేదు.

ఊళ్ళో ఒకటే ఎగతాళి. "ఏమప్పా సుగుణ మొగుడా, బాగుండావా" అని పిలిచేవాళ్ళు. మా ఆయనకు తల కొట్టేసినట్టయింది. బండి బయటికి తీయనన్నారు. బండి లేకపోతే మాకు పొయ్యి వెలగదు. నావల్లే ఇంత జరిగిందని అత్త నాతో మాట్లాడటం మానేసింది.

ఎవరు చెప్పారో, అన్న స్కూటర్ మీద మా ఇంటికే వచ్చేశారు.

కొడుకు పేరు గురించి అత్త గొడవ పడుతుందనుకున్నాను. ఆమె వేరే మాట అడిగింది.

"మా వోడి పేరు లేకపోతే పోయె. పొద్దన్నే లేసి పొంగణాల్లోకి ఊరిబిండి పచ్చడి రుబ్బేది నేను. జనం వచ్చేది దానికోసరమే. నన్నేల అడగలేదు నాయనా?"

అన్న జేబులోంచి పుస్తకం, పెన్ను తీశారు.

"తప్పు నాదేమ్మా. మాయమ్మను కూడా అందురూ శెనక్కాయలామె అనే పిలిసినారు. పేరు ఎవురూ అడగలేదు. అట్టాంటోణ్ణి నేనే అడక్కుండా పోయినాను."

మా ఆయన నవ్వేశారు. "అయితే బండి తోసేవాడి పేరు కూడా రాయన్నా" అన్నారు.

మళ్ళీ రాశారు. ఈసారి ముగ్గురి పేర్లూ, ముగ్గురి ఫొటో. ఎగతాళి చేసినవాళ్ళే వచ్చి ఊరిబిండి రెండోసారి వేయించుకున్నారు. మా అత్త వాళ్ళకు కావాలనే కొంచెం తక్కువ వేసింది.

ఈ రోజు ముగ్గురం తిరుపతి వెళ్ళాం. ఇంటి ముందు చాలామంది ఉన్నారు. చెప్పులు కుట్టే ఆయన, పూలమ్మే వాళ్ళు, ఇస్త్రీ బండి ఆమె. వాకిట్లో అన్న బంధువు ఒకాయన ఆపి, "ఎవురి తరపునమ్మా మీరు?" అని అడిగాడు.

మామూలుగా అయితే నేను వెనక్కి జరిగి మా ఆయన్ను ముందుకు పంపేదాన్ని.

"నా పేరు సుగుణ. వడమాలపేటలో పొంగణాల బండి ఉండాది మాకు. ఈమె మా అత్త, నాగమ్మ" అన్నాను.

ఆయన పక్కకు జరిగి మాకు దారి ఇచ్చాడు.

వెళ్ళి రండి అన్నా. ఎండలో చాలా తిరిగారు. ఇక చల్లగా, ప్రశాంతంగా ఉండండి.